ఆ పొయ్యి అమ్మది కాదు

ఎడిసన్, న్యూజెర్సీ
2023 జూన్ 11, ఆదివారం

ఒరేయ్ సుబ్బూ,

ముందు తిట్టేసుకో. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు! తప్పే. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాంగా అని వాయిదా వేస్తూ వచ్చాను. కానీ ఇది ఫోన్లో చెప్పేది కాదు, మధ్యలో పదిసార్లు అడ్డొస్తావు.

మేమంతా కులాసా. అమ్మ ఏప్రిల్లో వచ్చింది. చిన్నదానికి సెలవులు దగ్గరపడ్డాయి. నా ఉద్యోగం ఉంది, ఇంకా. విశేషాలు అయిపోయాయి. అసలు సంగతి విను.

మొన్న మంగళవారం సాయంత్రం మేడ మీద పని చేసుకుంటున్నానా, కట్టెలు కాలుతున్న వాసన. పోయిన నెల అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి, సీరియల్లో మునిగిపోయి ఇల్లంతా పొగ చేసింది. అదే గుర్తొచ్చింది. రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చి, చూడకుండానే అరిచేశాను. "మళ్ళీ పొయ్యి కట్టెయ్యడం మరిచిపోయావా!" పొయ్యి మీద ఏమీ లేదురా. అమ్మ బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఒక్క మాట అనలేదు. నా వైపు చూసి మళ్ళీ ఈనెలు తీసుకుంది, అంతే. అమ్మ ఊరుకుందంటే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా, జామచెట్టు సంగతి తర్వాత వారం రోజులు మనిద్దరితో మాట్లాడకుండా అన్నం పెట్టింది.

మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి ఆకాశం పసుపుపచ్చగా మొదలై నారింజ రంగుకి తిరిగింది. సూర్యుణ్ణి కళ్ళు చికిలించకుండా తేరిపార చూడొచ్చు. వీధిదీపాలు వెలిగిపోయాయి. బయట ఆరబెట్టిన గుమ్మడి వడియాల్ని అమ్మ పాతచీరతో సహా మూటగట్టి లోపలికి తెస్తూ, గడపలో ఆగి ఆకాశం వైపు చూసి, నిన్నటినుంచి దాచిపెట్టుకున్న మాట అనేసింది.

"ఏరా, ఆ పొయ్యి కూడా నేనే మరిచిపోయానంటావా?"

నవ్వాలో కాళ్ళ మీద పడాలో తెలియలేదురా.

ఆ పొయ్యి ఎక్కడుందో తెలుసా? కెనడాలో, క్యూబెక్ అడవుల్లో. ఈ నెల మొదట్లో పిడుగులు పడి ఒకేసారి బోలెడుచోట్ల అంటుకుంది. షిబుగమూ అనే ఊళ్ళో ఏడువేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. అది న్యూయార్క్‌కి ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. అర్థం కావాలంటే నీ భాషలో చెబుతా. ఝాన్సీలో అడవి అంటుకుంటే బందరులో నువ్వు దగ్గడం! (ఝాన్సీ అంటే నీకు చెప్పు గుర్తొస్తుంది. ఆ ఒంటి చెప్పుతో జీటీ రైలు వెనక పరుగెత్తావే, టీ మాత్రం ఒలకనివ్వకుండా!)

అమ్మ అడిగింది, "అంత దూరం వస్తే దారిలో కిందపడిపోదా?" అని. నేనూ అదే అనుకునేవాణ్ణి. మంట పెద్దదైతే ఆ వేడికే పొగ కిలోమీటర్ల ఎత్తుకి లేస్తుంది. పైన గాలులు జోరుగా ఉంటాయి, చెట్లూ మేడలూ అడ్డం ఉండవు. మసి రేణువులు రెండున్నర మైక్రాన్లు, అంతకంటే తక్కువ కూడానూ. మన వెంట్రుక మందంలో పాతిక దాకా పక్కపక్కన పడతాయి. అంత చిన్నవి బరువుకి కిందపడవు, వాన కడిగేస్తేనో, గాలే కిందికి దిగితేనో తప్ప. ఈ పొగ అట్లాంటిక్ దాటి నార్వే పరికరాలకి కూడా దొరికిందట.

మరి తిన్నగా మా నెత్తినే ఎందుకు? ఇది నువ్వు చిటికెలో పట్టేస్తావు. కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియా దగ్గర ఒక అల్పపీడనం కదలకుండా కూచుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దానికి పడమటనున్న మన ఒడ్డుకి ఉత్తరపు గాలి రాదూ? మీ తాతయ్య చిలకలపూడిలో గాలికి చెవి పెట్టి "ఉత్తరం తిరిగిందిరా" అనేవాడే, అదే లెక్క. ఇక్కడా అది అపసవ్యంగా తిరుగుతూ, పడమటి పక్కనుంచి పొగని దక్షిణానికి తోడిపోసింది. ఉపగ్రహం బొమ్మలో చూస్తే అచ్చు మన తుఫాను సుడే, నీళ్ళకి బదులు పొగ.

న్యూయార్క్‌లో గాలి నాణ్యత సూచీ 400 దాటింది. ఇక్కడి లెక్కలో 300 దాటితేనే ప్రమాదకరం. కొన్ని విమానాలు కాసేపు ఆపేశారు. కరోనా నాటి మాస్కులు అటక మీంచి దింపాం. ఢిల్లీలో ఉన్న మన బొండాంగాడికి ఫోటో పంపితే, "ఇదా? మాకు నవంబరు" అని రెండు ముక్కల్లో తీసిపారేశాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. బుధవారం రాత్రి అమ్మ దగ్గుతూనే ఉంది. కిటికీల సందుల్లో తడిగుడ్డలు పెట్టి మంచం పక్కన కూచున్నాను. మంగళవారం కోపం గురించి ఏదో అందామనుకున్నా, ఎలా మొదలుపెట్టాలో... పోనీలే.

ఆ రాత్రే చదివాను. 1780 మే 19న ఇక్కడికి ఉత్తరాన న్యూ ఇంగ్లాండ్‌లో పట్టపగలే చీకటి పడిందట. మధ్యాహ్నం కొవ్వొత్తులు వెలిగించుకున్నారు, ప్రళయం వచ్చిందని ప్రార్థనలు చేశారు. అదీ కెనడా వైపు అడవుల పొగే అంటున్నారు, ఒంటారియోలో చెట్ల మొద్దుల్లో ఆ ఏటి కాలిన మచ్చలు చూసి. పాపం, వాళ్ళలో ఎంతమంది ఇంట్లోవాళ్ళ మీద అరిచారో.

అమ్మకి తగ్గింది. ఆకాశం మళ్ళీ నీలంగానే ఉంది. వడియాలకి మాత్రం వాసన పోలేదు, వేయిస్తే ఇంకా... ఒక పొట్లం నీకూ పంపిస్తున్నా, తిని నిజం చెప్పు. పద్దు బాబాయ్ రేపు బెజవాడ వస్తున్నాడు, ఆయన చేతికే ఈ ఉత్తరం. కింద అప్పుడే హారన్ కొడుతున్నాడు. అత్తయ్యకి నమస్కారాలు. రెండో చెప్పు సంగతి వచ్చే ఉత్తరంలో, అది నిజానికి నేనే

నీ
చంటి