డయాలసిస్‌కు ప్యాకేజీ ఉంది, కిడ్నీ కాపాడటానికి లేదు

సంపాదకులకు,

ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆంధ్రప్రదేశ్‌లోని 1.63 కోట్ల కుటుంబాలకు వైద్యం అందించేందుకు 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన ఆరోగ్య విధానంపై చర్చంతా, రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వ ఆరోగ్య ట్రస్టు చెల్లించడం మంచిదా కాదా అన్న దగ్గరే ఆగిపోతోంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందే బీమా కంపెనీతో. తర్వాత ట్రస్టు చేతికి వెళ్లింది, ఇప్పుడు కొంత వెనక్కి వస్తోంది. (పేరు సంగతి చెప్పనక్కర్లేదు, ప్రభుత్వంతో పాటు అదీ మారుతుంది.) ఎవరు చెల్లించినా, దేనికి చెల్లిస్తున్నామన్నది మాత్రం పెద్దగా మారలేదు.

జాబితాలోని 3,257 చికిత్సల్లో ఎక్కువ భాగం రోగి ఆసుపత్రిలో చేరిన తర్వాతే లెక్కలోకి వస్తాయి. షుగరు, బీపీ ముదిరి కిడ్నీలు చెడిపోయిన మనిషికి డయాలసిస్ ప్యాకేజీ ఉంది. అంతకు ముందు ఏళ్ల తరబడి అతను క్రమం తప్పకుండా మాత్రలు వేసుకునేలా, ఏటా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకునేలా వెంటపడి చూసుకునే పనికి ఈ పథకం ధర కట్టలేదు. ఓపీ వైద్యం కోసం సరిహద్దు దాటి వేలూరు వెళ్లే చిత్తూరు వాసులు మందులకు, పరీక్షలకు, బస్సు ఛార్జీలకు సొంత డబ్బే పెట్టుకుంటున్నారు. ముందే పట్టుకోదగిన జబ్బులు ముదిరి చివరికి తిరుపతిలోని పెద్దాసుపత్రులు రుయాకో స్విమ్స్‌కో చేరుతుంటే, అక్కడ ఎన్ని పడకలు పెంచినా చాలవు.

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం 2014 నుంచి ఆసుపత్రులకు, చేరిన రోగుల లెక్కన కాకుండా, ఏడాది ఆదాయాన్ని ముందే నిర్ణయించే పద్ధతి తెచ్చింది. అక్కడ అన్ని రకాల బీమాలకూ ఒకే సంస్థ ధరలు నిర్ణయిస్తుంది కాబట్టి అది సాధ్యమైంది, ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో అది కుదరదు. కానీ 2,500 జనాభాకు ఒకటి చొప్పున తలపెట్టిన విలేజ్ హెల్త్ క్లినిక్‌లు మన చేతిలోనే ఉన్నాయి. నమోదైన బీపీ, షుగరు రోగుల సంఖ్యను బట్టి వాటికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకూ ఏడాదికింత అని కేటాయించి, రోగుల బీపీ, షుగరు అదుపులో ఉంటే అదనంగా ఇచ్చే పద్ధతిని ముందు చిత్తూరు జిల్లాలో పరీక్షించి చూడవచ్చు.

ఇక బకాయిలు. 2025 అక్టోబరులో ప్రభుత్వం బిల్లులు చెల్లించలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకం కింద వైద్యం చేసే ఆసుపత్రులు) సేవలు ఆపేసినప్పుడు నష్టపోయింది ఆపరేషన్ తేదీ కోసం ఎదురుచూస్తున్న రోగులే. బీమా వస్తే ఈ బాధ ఉండదన్న భరోసా నాకు లేదు. ప్రభుత్వం ప్రీమియం సకాలంలో కట్టకపోతే ఆసుపత్రుల బకాయి ప్రీమియం బకాయిగా మారుతుందంతే. పైగా క్లెయిమ్ తిరస్కరిస్తే మిగిలే సొమ్ము కంపెనీదే కాబట్టి, తిరస్కరణలపై అప్పీలు వినే అధికారి జిల్లాలోనే ఉండాలి. ఒప్పందంలో క్లెయిమ్ గడువు రాసుకుంటే చాలదు, గడువు దాటిన ప్రతి బిల్లుకూ వడ్డీ పడాలి, ప్రభుత్వం ప్రీమియం ఆలస్యం చేసినా అదే నిబంధన వర్తించాలి. ఆసుపత్రుల వారీగా చెల్లించినదెంత, నిలిచినదెంత, తిరస్కరించినదెంత అన్న వివరాలను ట్రస్టు ప్రతి నెలా ప్రకటించాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య శాఖ ఉద్యోగి,
తిరుపతి