కాటా మీద ఆగిన లారీ

మిర్యాలగూడ,
ఆదివారం రాత్రి

అరే మామా,

మొన్న ఫోన్‌లో "విండోస్ కోడ్‌ను లినక్స్‌కు మార్చడమంటే ఫంక్షన్ల పేర్లు మార్చుకుంటూ పోవడమే కదా" అన్నావు. బస్టాండ్‌లో ఉన్నాను, ఆ గోలలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నువ్వు పని మొదలుపెట్టకముందే ఈ ఉత్తరం అందాలని రాస్తున్నాను. ఎందుకంటే నేనూ అచ్చం అట్లాగే అనుకున్నాను.

ఇక్కడ ఒక రైస్ మిల్లులో కాటా సాఫ్ట్‌వేర్ నాదే, నీకు తెలుసు. లారీ కాటా ఎక్కుతుంది, సీరియల్ కేబుల్ మీద బరువు వస్తుంది, ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) దాన్ని చదువుతుంది. అంకె నిలబడగానే అది ప్రింటు థ్రెడ్‌ను లేపుతుంది, చీటీ వస్తుంది. విండోస్‌లో ఏనాడూ ఇబ్బంది రాలేదు. వానాకాలం వడ్లు మొదలయ్యే ముందు లినక్స్‌కు మార్చాను. థ్రెడ్‌ను లేపే సెట్‌ఈవెంట్ ఉన్నచోట పీథ్రెడ్ కాండ్ సిగ్నల్, లేపేదాకా ఆగే వెయిట్‌ఫర్‌సింగిల్‌ఆబ్జెక్ట్ ఉన్నచోట పీథ్రెడ్ కాండ్ వెయిట్ పెట్టాను. ఇంట్లో చూసుకుంటే చక్కగా నడిచింది.

మూడో రోజు సాయంత్రం మిల్లు నుంచి ఫోన్. పోయి చూస్తే సాగర్ ఎడమ కాలువ కింది వడ్లన్నీ ఒక్కసారే వచ్చినట్టు గేటు బయటదాకా లారీలు. కాటా మీద ఒక లారీ. ఇండికేటర్‌లో ఎర్రటి అంకెలు 28,460 దగ్గర నిలబడిపోయాయి, ప్రింటర్‌లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. వెనక హారన్లు. నడుస్తున్న ప్రోగ్రాంలోకి తొంగిచూసే జీడీబీ తగిలించి చూస్తే ప్రింటు థ్రెడ్ కాండ్ వెయిట్‌లో నిద్రపోతోంది. లాగ్‌లో చూస్తే రీడర్ థ్రెడ్ దాన్ని ఎప్పుడో లేపినట్టే ఉంది.

విండోస్ ఈవెంట్ గుమ్మానికి కట్టిన చీటీ లాంటిది మామా. ఇంటాయన ఎప్పుడొచ్చినా చూసుకుంటాడు. కండిషన్ వేరియబుల్, అంటే ఆ పీథ్రెడ్ కాండ్, ఊళ్లో డప్పు చాటింపు. ఆ టైముకు పొలంలో ఉన్నవాడికి వినబడదు, మళ్లీ వచ్చి ఎవరూ చెప్పరు. ముందు లారీ చీటీ మధ్యలో కాగితం అయిపోయి గుమాస్తా కొత్తది ఎక్కిస్తున్నాడట. సరిగ్గా అప్పుడే రీడర్ సిగ్నల్ ఇచ్చింది. వినేవాడు లేక అది గాలిలో కలిసిపోయింది.

అందుకే విషయాన్ని సిగ్నల్‌లో పెట్టకు, డేటాలో పెట్టు. ఇప్పుడు మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌కే దొరికే తాళం) లోపల బరువుల క్యూ ఉంది. ప్రింటు థ్రెడ్ ముందు క్యూ చూస్తుంది, ఖాళీగా ఉంటేనే నిద్రపోతుంది. ఆ చూడటం ఒక్కసారే చూసే ఇఫ్‌తో కాదు, లేచిన ప్రతిసారీ మళ్లీ చూసే వైల్‌తోనే రాయాలి. ఎవరూ లేపకుండానే వెయిట్ నుంచి బయటికి రావచ్చని ఈ కాల్స్ ప్రమాణం పోసిక్స్‌లోనే ఉంది.

తాళాల సంగతి ఇంకొకటి. విండోస్‌లో క్రిటికల్ సెక్షన్ అనే తాళంలోకి అదే థ్రెడ్ రెండోసారి వచ్చినా రానిస్తుంది. లినక్స్‌లో మామూలు మ్యూటెక్స్ అయితే తన తాళం కోసం తానే ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోతుంది. నా సేవ్ ఫంక్షన్ తాళం పట్టుకుని లాగ్ ఫంక్షన్‌ను పిలిచేది, అది మళ్లీ అదే తాళం అడిగేది. అదే థ్రెడ్‌కు మళ్లీ తాళమిచ్చే రికర్సివ్ మ్యూటెక్స్ పెడితే సరిపోతుందని నీకు అనిపిస్తుంది. వద్దు. రెండుసార్లు పట్టుకుని కాండ్ వెయిట్‌కు పోతే తాళం పూర్తిగా వదలకపోవచ్చు, అప్పుడు నిన్ను లేపాల్సినవాడే బయట ఆగిపోతాడు. తాళం అడగని లోపలి ఫంక్షన్ విడిగా రాశాను, అదే నయం.

టైమౌట్ దగ్గర కూడా జాగ్రత్త. విండోస్‌లో 5000 మిల్లీసెకన్లు అంటే ఇప్పటినుంచి 5 సెకన్లు. పీథ్రెడ్ టైమ్‌డ్ వెయిట్‌కు గడియారంలో ఫలానా క్షణం వరకు అని చెప్పాలి. నేను ఉత్త 5 ఇచ్చాను. అది 1970 జనవరి 1 తర్వాత 5 సెకన్లని లెక్కేసుకుని వెంటనే తిరిగొచ్చేది, లూప్ ఆగకుండా తిరిగేది, ఫ్యాన్ హోరెత్తేది. దాన్ని సరిచేసినా టెన్షన్ తీరలేదు. మిల్లులోని ఆ కంప్యూటర్ ఆన్ అయినప్పుడు తప్పు టైము చూపిస్తుంది, నెట్ రాగానే దిద్దుకుంటుంది. ఆ దూకుడుకు నా వెయిట్‌లు తెగిపోయేవి. కాండ్ ఆట్రిబ్యూట్‌లో (కండిషన్ వేరియబుల్ సెట్టింగ్‌లో) టైము దిద్దినా దూకని మోనోటానిక్ క్లాక్ పెట్టాక కుదుటపడింది.

నీ మ్యాక్‌లో ఆ క్లాక్ మార్చే కాల్ లేదు, కాలవ్యవధితో వెయిట్ చేసే వేరే కాల్ ఉంది. సెమాఫోర్ (థ్రెడ్‌లను ఆపి లేపే ఇంకో సాధనం) మొదలుపెట్టే సెమ్ ఇనిట్ కూడా అక్కడ కంపైల్ అవుతుంది కానీ నడిపితే ఎర్రర్ ఇస్తుంది. రిటర్న్ విలువ చూడకపోతే రోజంతా వెతుక్కుంటావు.

కొత్తగా రాసేదైతే నేను సీ ప్లస్ ప్లస్ 11 మ్యూటెక్స్, కండిషన్ వేరియబులే వాడతాను. నీది పాత కోడ్ కాబట్టి ఇఫ్‌డెఫ్‌లు (ఏ సిస్టమ్‌కు ఏ కోడ్ అని విడదీసే లైన్లు) అన్ని ఫైళ్లలో చల్లకుండా ఒక్క ఫైల్‌లో పెట్టు. అందులో ఒక్కో ఫంక్షన్ మీద అది ఏం మాటిస్తుందో రాయి: సిగ్నల్ గుర్తుంటుందా, తాళం రెండోసారి దొరుకుతుందా, టైము ఏ గడియారంది. ఆ మూడూ రాస్తే పేర్లు ఏవైనా పర్వాలేదు.

వచ్చే ఆదివారం పాలమూరు వస్తున్నాను. అప్పటికి నీ కోడ్‌లో సెట్‌ఈవెంట్ ఎక్కడెక్కడ ఉందో గ్రెప్‌తో వెతికి పెట్టుకో, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. జొన్నరొట్టెలు చేయమని అమ్మకు చెప్పు.

నీ దోస్తు