మీట్‌లో చప్పట్లు వస్తాయి, డ్రిఫ్టింగ్ రాదు

సంపాదకుల వారికి,

అయ్యా,

ఆమధ్య ఆదివారం అనుబంధంలో కార్ మీట్‌ల మీద, అంటే బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళు కార్లు తెచ్చి ఒకచోట చేరడం మీద, మీరు వేసిన కథనం చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను, షెడ్‌లో పని తెమలక ఇప్పటికి కుదిరింది. ఈలోగా ఎవరైనా రాయకపోతారా అని రోజూ ఉత్తరాల కాలమ్ చూశాను. చెత్త బండి రావడం లేదనీ, వీధి దీపాలు పట్టపగలు వెలుగుతున్నాయనీ రాశారు గానీ దీని మీద ఒక్కరూ నోరు విప్పలేదు.

కొత్తగా డ్రిఫ్టింగ్, అంటే కారును కావాలని అడ్డంగా జారిస్తూ నడపడం, నేర్చుకునే కుర్రాళ్ళకు రాత్రిపూట మీట్‌లే బడులన్నట్టు రాశారు మీ విలేఖరి. పైగా పొగలో తిరుగుతున్న కారు ఫొటో సగం పేజీ. ఆ ఫొటోలో కారుకు పది అడుగుల దూరంలో ఫోన్లు పట్టుకుని నిలబడ్డ పిల్లలు ఆయనకు కనపడలేదు కాబోలు. నాకు మొదట కనపడింది వాళ్ళే.

నేను మీట్‌లకు వ్యతిరేకిని కాను. నా దగ్గరికి వచ్చే గిరాకీలో చాలామంది అక్కడ పరిచయమైనవాళ్ళే. ఏ బండికి ఏ సస్పెన్షన్ పడుతుంది, సెకండ్ హ్యాండ్ అల్లాయ్‌లు ఎక్కడ దొరుకుతాయి, ఎల్ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) అంటే ఏమిటి, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా వెల్డింగ్ చేసిన డిఫరెన్షియల్‌తో రోజూ ఆఫీసుకు వెళ్తే ఏం విరుగుతుంది, ఇవన్నీ బానెట్లు ఎత్తి నిలబడి మాట్లాడుకుంటేనే తెలుస్తాయి. ఆ మేరకు మీట్ మంచిదే. బండ్లు ఆపి, చాయ్ తాగి, ఇంటికి పోతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ డ్రిఫ్టింగ్ నేర్చుకోవడం వేరే సంగతి.

అదేమిటో తెలియని మీ పాఠకుల కోసం చెప్తాను. వెనక చక్రాల పట్టు కావాలని తప్పించి, బండి జారుతున్నప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పి, యాక్సిలరేటర్‌తో ఆ జారుడును నిలబెట్టడమే డ్రిఫ్ట్. హ్యాండ్‌బ్రేక్ లాగి మొదలుపెట్టొచ్చు, క్లచ్ తన్నీ మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టడం ఎవరికైనా వస్తుంది. నిలబెట్టడం దగ్గరే కథంతా. బండి అడ్డం తిరగ్గానే కొత్తవాడు భయంతో కాలు ఎత్తేస్తాడు. ఎత్తగానే వెనక చక్రాలు గిరగిరా తిరగడం ఆగుతుంది, వెనక టైర్లకు పట్టు ఒక్కసారిగా దొరుకుతుంది, స్టీరింగ్ ఇంకా ఎదురు తిరిగే ఉంటుంది. బండి కొరడాలా రెండోవైపుకు విసురుకుపోతుంది. ఈ తప్పు చేయకుండా డ్రిఫ్టింగ్ నేర్చుకున్నవాడు ప్రపంచంలో లేడు. నేర్చుకునే ప్రతివాడూ చేసి తీరే తప్పు కాబట్టి, అది జరిగినప్పుడు ఆ రెండోవైపున ఏముంది అన్నదే ప్రశ్న. ట్రాక్ మీద అయితే ప్లాస్టిక్ కోన్లు ఉంటాయి. మీట్‌లో మనుషులు ఉంటారు.

ఇంకో సంగతి. ట్రాక్ మీద నేలను నీళ్ళతో తడిపి పెడతారు. తడి నేల మీద నెమ్మదిగా వెళ్తున్నా బండి జారుతుంది, టైర్లు అంతగా అరగవు, కుర్రాడికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ముందు ఒకే కోన్ చుట్టూ, తర్వాత రెండు కోన్ల మధ్య ఎనిమిది అంకెలా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. చూసేవాడికి పరమ బోరు. కానీ చెయ్యి తిరిగేది అలాగే. మీట్‌లో ఏమవుతుంది? పొడి రోడ్డు, స్పీడు ఎక్కువ ఉంటే గానీ జారదు, చుట్టూ "అన్నా, ఇంకొక్కటి" అని అరుపులు, రెండు చుట్లు తిరిగేలోగా పోలీస్ సైరన్. ఏం నేర్చుకున్నట్టు? చప్పట్ల మధ్య ఎవడూ చిన్నగా మొదలుపెట్టడు.

పైగా మన దగ్గర ఉన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. వాటిలో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం ఊగుతుంది, అంతే, దాన్ని డ్రిఫ్ట్ అనరు. అందుకని వెనక చక్రాలు తిరిగే బండి కావాలని థార్, బొలెరో, స్కార్పియో తెస్తారు. ఇవి ఎత్తైన బండ్లు. అడ్డంగా జారుతున్న ఎత్తు బండి టైరు డివైడర్‌కు తగిలితే పల్టీ కొడుతుంది. డబ్బున్న ఇంటివాడైతే నాన్నగారి బీఎండబ్ల్యూ తెచ్చి, జారకుండా కాపాడే బటన్ ఆఫ్ చేసి తిప్పుతాడు. ఏ బండి ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో పక్క సీట్లో కూర్చుని చెప్పేవాడు మీట్‌లో ఉండడు. వీడియో తీసేవాళ్ళే ఉంటారు.

ఈ కుర్రాళ్ళంతా మాట్లాడితే జపాన్ అంటారు. సరే, జపాన్ సంగతే చూద్దాం. అక్కడ బండ్లు చూడాలంటే యోకొహామా దగ్గర హైవే మీద దైకొకు పార్కింగ్‌కు పోతారు. జనం ఎక్కువైతే పోలీసులు దాన్నీ మూసేస్తారు. డ్రిఫ్టింగ్ నేర్చుకోవాలంటే మాత్రం ఫుకుషిమాలో కొండ మీద ఉన్న ఎబిసు సర్క్యూట్‌కు పోతారు. అక్కడ ఒకటి కాదు, చాలా ట్రాకులు ఉన్నాయి, కొత్తవాళ్ళకు బండి అద్దెకు కూడా దొరుకుతుంది. కొండ దారుల్లో కుర్రాళ్ళు జారకుండా అక్కడివాళ్ళు రోడ్డుకు అడ్డంగా గట్లు కూడా వేశారు. చూసే చోటు ఒకటి, నేర్చుకునే చోటు ఇంకొకటి. మనవాళ్ళు మొదటిది మాత్రం కాపీ కొట్టారు.

ఇందులో కుర్రాళ్ళను మాత్రమే తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. వాళ్ళు ట్రాక్‌కు పోవాలంటే ఎక్కడికి పోవాలి? ఎప్పటినుంచో పేరున్న ట్రాకులు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే. హైదరాబాద్ నుంచి ఒకటి ఆరు వందల కిలోమీటర్ల పైన, రెండోది ఇంకా దూరం. ప్రైవేటువాళ్ళు దగ్గర్లో ఎక్కడైనా చోటిచ్చినా ఆ ఫీజూ, టైర్ల ఖర్చూ కలిపితే మామూలు ఇంటి పిల్లాడి వల్ల కాదు. కోకాపేటలో వెడల్పాటి రోడ్లు రాత్రయితే ఖాళీగా ఊరికే పడి ఉంటాయి. వాడు ఎక్కడికి పోతాడో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. అదే కోకాపేటలో 2023లో ఎకరం 100 కోట్లు దాటించి అమ్మిన ప్రభుత్వానికి పిల్లల కోసం ఇంత తారు నేల ఇవ్వడానికి మనసు రాలేదు.

రేసులంటే ప్రభుత్వానికి పడదని కూడా అనలేం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన 2.8 కిలోమీటర్ల దారి మూసేసి ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టారు కదా. ఊరంతా ట్రాఫిక్‌లో ఉడికింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది, ఆ తర్వాత ఏసీబీ కేసు వచ్చింది. ఎవరిది తప్పో కోర్టులు తేల్చుకుంటాయి, నాకు దానితో పని లేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ హడావిడి అంతటిలో ఈ ఊరి కుర్రాడు స్టీరింగ్ పట్టుకుని నేర్చుకునే జాగా గజమైనా మిగిలిందా?

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మైనర్‌కు బండి ఇచ్చిన తండ్రికి 199ఏ కింద మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా. బాగానే ఉంది. కానీ జరుగుతున్నదేమిటి? వీడియో వైరల్ అయితే బండి పట్టుకుంటారు, కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు, కౌన్సెలింగ్ అంటారు, ఆ ఫొటో మీరు వేస్తారు. తర్వాతి శనివారం మీట్ ఇంకో రోడ్డుకు మారుతుంది. ఆ 189లోనే రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా పెడితేనే నేరమని ఉంది. అంటే అనుమతితో పద్ధతిగా జరపడానికి చట్టమే దారి ఉంచింది. ఆ దారిలో నడిచే అధికారి దొరకాలి.

దొరకడు. కొందరు కుర్రాళ్ళ తరఫున అర్జీ రాసి నేనే ఒక కార్యాలయానికి తీసుకెళ్ళాను. ఇది క్రీడల కిందికి వస్తుందన్నారు. క్రీడలవాళ్ళు, బండి ఉంది కాబట్టి రవాణా అన్నారు. రవాణావాళ్ళు, ప్రమాదం ఉంది కాబట్టి పోలీసులన్నారు. అక్కడ ఒకాయన అర్జీ పూర్తిగా చదివి, కింద సంతకాలు పెట్టినవాళ్ళ బండి నంబర్లు రాసివ్వమన్నాడు. నేను అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను.

అసలు మామూలు డ్రైవింగే మనం ఎంత బాగా నేర్పుతున్నాం గనక! టెస్ట్ ట్రాక్ మీద ఎనిమిది తిప్పి, హెచ్‌లో రివర్స్ చేస్తే లైసెన్స్. ఏజెంటును పట్టుకుంటే ఆ మాత్రం శ్రమ కూడా ఉండదని నేను చెప్పాలా? తొలకరి చినుకులకు రోడ్డు మీది ఆయిల్ తేలి బండి జారితే కాలు ఎక్కడ పెట్టాలో, స్టీరింగ్ ఎటు తిప్పాలో ఎవరూ చెప్పరు. 2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల రూల్స్ వచ్చాయి. కారుకు 29 గంటల శిక్షణ, సిమ్యులేటర్, సొంత ట్రాక్ ఉండాలన్నారు. మా వీధి డ్రైవింగ్ స్కూల్ మాత్రం ఇప్పటికీ ఫ్లైఓవర్ కింద గేర్లు మార్చడం నేర్పి పంపిస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల దాకా పోవచ్చని బోర్డు పెట్టారు, ఆ వేగంలో బండి పట్టు తప్పితే ఏం చేయాలో నేర్పే చోటు పెట్టలేదు. కోన్ల మధ్య బండి జారించి సర్దుకోవడం నేర్చుకున్న కుర్రాడు రేపు వానలో ఇంటికి క్షేమంగా వస్తాడు. దీన్ని ఆకతాయి పని అంటున్నవాళ్ళకు ఇది ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు.

కోట్లు పెట్టి సర్క్యూట్ కట్టమనడం లేదు. సెలవు రోజుల్లో ఊరికే ఉండే టెస్ట్ ట్రాకులు ఉన్నాయి. అందులో ఒకదాన్ని నెలకు ఒక ఆదివారం ఇవ్వండి. కోన్లు, ఒక అంబులెన్స్, మంటలార్పే సిలిండర్లు, పక్కన కూర్చుని నేర్పే మనిషి, హెల్మెట్ లేనివాణ్ణి గేటు దగ్గరే ఆపే మనిషి ఉంటే చాలు. ప్రవేశానికి ఫీజు పెట్టండి, కడతారు. చూడవచ్చినవాళ్ళను కంచె అవతలే ఉంచండి. నేల తడపడానికి నీళ్ళెక్కడివి, జనానికి తాగడానికే ట్యాంకర్లు చాలక చస్తుంటే అని ఎవరో ఒక అధికారి తప్పకుండా అంటారు. శుద్ధి చేసిన మురుగునీరు వాడండి. ఎలాగూ మూసీలోకి వదిలేదే కదా.

ఇట్లు,
ఒక కార్ మెకానిక్,
మూసాపేట, హైదరాబాద్