ఈ ఏడాది మన నాటక సంఘం ఏం చేసింది: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డుకి అంటించాం, చందా బాకీ ఉన్నవాళ్ళు ముందుగా చూసుకోండి. సంక్రాంతికీ, సుబ్బారాయుడి షష్ఠికీ ఎప్పటిలాగే పద్యనాటకాలు వేశాం. వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు, వన్స్‌మోర్లు కొట్టింది మీరే కదా.

చెప్పాల్సింది ఒపేరా (పాటలతో కథ నడిపే పాశ్చాత్య నాటకం) సంగతి. దాళ్వా కోతలైపోయి, కాలవలు కట్టేసిన రోజుల్లో, హాల్లో తెర కట్టి ఇటలీ సంగీతకర్త వెర్డీ 'ఒథెల్లో' వీడియో వేస్తామంటే "ఆ అరుపులు మనకెందుకండీ" అన్నవాళ్ళే ఎక్కువ. అయినా వేశాం. అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే మాస్టారు పక్కన నిలబడి తెలుగులో చెబుతూ వచ్చారు.

కథ షేక్‌స్పియర్‌ది: ఇయాగో అనే దుర్మార్గుడి మాటలు నమ్మి ఒథెల్లో తన పెళ్ళాం డెస్డిమోనాని అనుమానించి చంపుతాడు. ఆ నాటకంలో మొదటి అంకమంతా వెనిస్‌లో జరుగుతుంది. వెర్డీకి మాటలు రాసిచ్చిన బొయిటో ఆ అంకాన్ని మొత్తం ఎత్తేశాడు, తెర లేవడమే సైప్రస్ తీరంలో తుపాను (తుపాను సీను మాస్టారు ఎవరికీ వివరించక్కర్లేకపోయింది). మరి డెస్డిమోనా ఒథెల్లోని ఎందుకు ఇష్టపడిందో తెలియాలిగా? మూలంలో అతను వెనిస్ సభలో చెప్పుకున్న సంగతులే తెచ్చి, తుపాను వెలిశాక రాత్రిపూట మొగుడూ పెళ్ళాం పాడుకునే పాటలో పెట్టాడు. అక్కడ సంజాయిషీగా ఉన్నది ఇక్కడ సరసమైపోయింది. ఇయాగోకైతే మూలంలో లేని పాటే ఒకటి కట్టాడు, తనని పుట్టించిన దేవుడే క్రూరుడంటాడు అందులో. ఇది మిలాన్‌లో మొదట ఆడింది 1887లో, అప్పటికి వెర్డీకి 73 ఏళ్ళు. కమిటీ నుంచి తప్పుకుంటామంటున్న పెద్దలు గమనించగలరు.

ఆ మొగుడూ పెళ్ళాల పాట నడుస్తుండగా మన హార్మోనిస్టు గారు లేచి వీడియో ఆపించి, "ఇది మన 'బావా ఎప్పుడు వచ్చితీవు' లాంటిదే కదండీ" అన్నారు. నిజమే. తిరుపతి వెంకట కవులు (ఒకాయనది కడియం, ఇంకొకాయనది యండగండి, మనవాళ్ళే) ఉద్యోగపర్వం కథని నాటకం చేసినప్పుడు, కృష్ణుడు నిద్ర లేచి దుర్యోధనుణ్ణి పలకరించే చోట కర్ణుడి దగ్గర్నుంచి ద్రోణుడి దాకా అందరి క్షేమమూ అడిగించారు. నటుడు రాగం తీసినంతసేపూ కథ అంగుళం కదలదు, హాల్లో ఎవరికీ విసుగు రాదు. పుస్తకాన్ని పాటగా మార్చేవాడికి ఏది కోసెయ్యాలో ఎంత తెలియాలో, ఎక్కడ కథ ఆపి పాడించాలో కూడా అంతే తెలియాలని నాకు అప్పుడే బోధపడింది.

చివరి అంకంలో, డెస్డిమోనా పడుకోబోతూ పాడుతుండగా కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. "చంపేశాడా లేదా, అది చెప్పి పంపండి" అని వెనక వరస నుంచి గోల. మాస్టారు సెల్‌ఫోన్ వెలుతురులో మిగతా కథ చెప్పి ముగించారు.

వచ్చే వేసవికి ఫ్రెంచి సంగీతకర్త బిజే ఒపేరా 'కార్మెన్' అనుకుంటున్నాం. దానికి మూలమైన, మెరిమే రాసిన కథలో లేని మికేలా అనే పల్లెటూరి పిల్లని ఒపేరాలో ఎందుకు తెచ్చారో ఈసారి హార్మోనిస్టు గారే చెబుతారట. డీజిల్ ఎవరు తెస్తారో మాత్రం ఆదివారం మీటింగులో తేల్చాలి.