ఉగ్గు పాకెట్ మీద ఏం కలిపారో రాయించండి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రతి కాలనీలో ఒక హోం ఫుడ్స్ దుకాణం ఉంది. పచ్చళ్లు, కారప్పొడుల పక్కనే పసిపిల్లల ఉగ్గు పాకెట్లు కూడా అమ్ముతున్నారు. ఈ ఉత్తరం ఆ పాకెట్ల గురించే.

మా అమ్మాయి కొడుక్కి ఆరు నెలలు నిండాక అన్నప్రాసన చేశాం. పరమాన్నం నాకించాం, ఏమీ కాలేదు. పదిహేను రోజులు మెత్తటి అన్నం, పెసరకట్టు బాగానే తిన్నాడు. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, వేయించి పట్టించే ఓపిక నాకిప్పుడు లేదు. అందుకని దగ్గర్లోని దుకాణంలో ఉగ్గు పొడి కొన్నాను. పాకెట్ మీద "పదిహేను రకాలతో, బలానికి" అని ఉంది. ఆ పదిహేనూ ఏమిటో ఎక్కడా లేదు.

రెండో రోజు నాలుగు చెంచాలు తిన్నాడో లేదో మూతి చుట్టూ ఎర్రబడింది. పది నిమిషాల్లో పొట్ట మీద, వీపు మీద దద్దుర్లు లేచాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. తిన్నదంతా కక్కాడు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ ఇంజెక్షన్ చేస్తూనే "ఏం పెట్టారు?" అని అడిగింది. ఉగ్గు అన్నాను. "అందులో ఏమేం ఉన్నాయి?" అంది. నేను చెప్పలేకపోయాను. దుకాణానికి ఫోన్ చేస్తే "అన్నీ మంచివే వేశామమ్మా" అన్నారు. అది జీడిపప్పు అని తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మా అమ్మాయి భయపడి వాడికి అన్నం, పెసరకట్టు తప్ప ఇంకేదీ పెట్టలేదు.

మన ఇళ్లలో పిల్లలకు ఏమైనా ఒకటే మాట, "పడలేదు". పాలు తాగి విరేచనాలైనా పడలేదు, గుడ్డు తిని ఒళ్లంతా దద్దుర్లు లేచినా పడలేదు. లేదంటే దిష్టి, లేదంటే వేడి చేసింది. అరగకపోవడం వేరు, అలర్జీ వేరని నాకు ఈ వయసులో తెలిసింది. విరేచనాలు పట్టుకుని తగ్గాక కొందరు పిల్లలకు కొన్నాళ్లు పాలలోని చక్కెర అరగదు. పొట్ట ఉబ్బుతుంది, మళ్లీ నీళ్ల విరేచనాలవుతాయి. ఇది అరుగుదలకు సంబంధించిన ఇబ్బంది. అలర్జీ వచ్చినప్పుడు మాత్రం ఒళ్లే ఆ పదార్థం మీద తిరగబడుతుంది, దానికి చిటికెడైనా చాలు. నాలుక వాచినా, ఆయాసం వచ్చినా, బిడ్డ వాలిపోయినా ఇంట్లో ఉన్న సిరప్ పోసి చూద్దామనుకోకూడదు. తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, అదీ వెంటనే.

కొత్త పదార్థాలు ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలని, పొద్దున పూట చెంచాడు పెట్టి రెండు మూడు రోజులు చూడాలని డాక్టర్లు చెబుతారు. రాత్రి పడుకోబోయే ముందు పెడితే ఏమైనా అయినా మనకు తెలియదు కదా. పదిహేను రకాలు ఒక్క చెంచాలో పోతే ఏది పడిందో, ఏది పడలేదో ఎవరికి తెలుస్తుంది?

అలాగని గుడ్డు, పల్లీలు ఏడాది దాకా ముట్టుకోనివ్వకపోవడం కూడా సరి కాదు. మేం చేసిన రెండో తప్పు అదే. లండన్‌లో అలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లలతో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. పల్లీలు పెట్టకుండా పెంచిన పిల్లల్లో ఐదేళ్లకు దాదాపు 17 శాతం మందికి పల్లీ అలర్జీ వచ్చింది. మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టి ఆపకుండా తినిపించిన వాళ్లలో 3 శాతం మందికే వచ్చింది. పల్లీలు గింజల్లా ఇస్తే గొంతులో అడ్డుపడతాయి కాబట్టి మెత్తగా నూరి కలపాలి. గుడ్డు బాగా ఉడకాలి. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు, ఎక్కువగా ఉన్న పిల్లలకైతే ముందే డాక్టర్‌ను అడగాలి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో ఏముందని అడిగితే టీచర్ గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె అని చెబుతుంది. డబ్బు పెట్టి కొన్న పాకెట్‌కు ఆ మాత్రం జవాబు కూడా లేదు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ, పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు, పల్లీలు, సోయా, జీడిపప్పు, బాదం లాంటివి కలిపితే ఆ సంగతి పాకెట్ మీద విడిగా రాయాలి. దుకాణాలు మూయించమని నేను అడగడం లేదు. ఎందరో ఆడవాళ్లు వాటి మీద బతుకుతున్నారు. ఆహార భద్రతా అధికారులు హోటళ్ల వంటగదులతో పాటు ఈ అల్మారాలు కూడా ఒకసారి చూడాలి. పేర్లు లేని ఉగ్గు పాకెట్‌ను అమ్మనివ్వకూడదు.

ఇంకొకటి. పద్నాలుగు వారాల టీకాల తర్వాత బిడ్డను మళ్లీ టీకాకు తీసుకెళ్లేది తొమ్మిదో నెలలోనే. అన్నం మొదలయ్యేది ఆ మధ్యలో. పద్నాలుగో వారంలో బస్తీ దవాఖానాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో తల్లి చేతికి తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం ఇవ్వాలి. ఏది ఎలా మొదలుపెట్టాలో, ఎలాంటి లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలో అందులో ఉంటే చాలు. తల్లితో పాటు వచ్చే అమ్మమ్మకో నానమ్మకో కూడా దాన్ని చదివి వినిపించాలి, ఉగ్గు పెట్టేది చాలా ఇళ్లలో మేమే.

— ఒక అమ్మమ్మ, వనస్థలిపురం, హైదరాబాద్