ఆ రాత్రి పశువైద్యశాలలో నా పక్కన కూర్చున్న మీకు

మీ పేరు అడగాలన్న ధ్యాస కూడా లేదు నాకు. టవల్‌లో చుట్టి పట్టుకున్న మా చిట్టిని (ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే పెంపుడు జంతువు, ఫెర్రెట్) చూసి, "ఎన్నాళ్ల నుంచి విరేచనాలు?" అన్నారు. నెలల తరబడి ఇదే బాధ అని చెప్తూ ఏడ్చేశాను.

కడుపుకు విశ్రాంతి దొరుకుతుందని పొద్దున్నుంచి దానికి తిండి పెట్టలేదు నేను. మీరు కోప్పడలేదు. ఫెర్రెట్ తిన్నది 3, 4 గంటల్లోనే బయటికి వచ్చేస్తుందనీ, అంతసేపు పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోవచ్చనీ నెమ్మదిగా చెప్పారు. డాక్టర్‌ను అడిగి, మెత్తటి మాంసం ముద్దను గోరువెచ్చగా చేసి వేలితో నాకించారు. చిట్టి నాలుక చాపిన ఆ క్షణాన్ని మరిచిపోలేను.

రోజూ ఒకే వేళకు తూకం చూసి రాయమన్నారు. మలం గింజగింజలుగా ఉందా, జిగటగా ఉందా గమనించమన్నారు. తారులా నల్లగా కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దన్నారు. ఆ నోటుబుక్కే తర్వాత డాక్టర్‌కు బాగా పనికొచ్చింది. పేగుల్లో దీర్ఘకాలిక వాపు అని తేలింది, మందులు వాడుతున్నాం. పూర్తిగా నయం కాలేదు. కొన్ని వారాలు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. కానీ అప్పటి టెన్షన్ ఇప్పుడు లేదు, ఏం చూడాలో తెలుసు కాబట్టి.

మీ ఫెర్రెట్‌కూ ఇదే జబ్బు ఉండేదని, అది ఇక లేదని వెళ్లేముందు చెప్పారు. దాని కోసం నేర్చుకున్నదంతా నాకు ఇచ్చి వెళ్లారు. మీకు మనసారా కృతజ్ఞతలండీ. చిట్టి ఇప్పుడు నా ఒళ్లోనే నిద్రపోతోంది.