సబాల్టర్న్ గ్రాంసీ పుట్టించిన మాట కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆ మధ్య ఒక ఆదివారం మీ అనుబంధంలో 'సబాల్టర్న్' గురించి వచ్చిన వ్యాసం చదివిన దగ్గర్నుంచి రాయాలనే అనుకుంటున్నాను. సవరణ వేస్తారేమోనని చూశాను, వేయలేదు. అట్టడుగు జనం అనే అర్థంలో ఇవాళ వాడుతున్న ఆ మాటను ఇటలీ మార్క్సిస్టు మేధావి గ్రాంసీ జైల్లో పుట్టించాడట! ఆయన జైల్లో నోటు పుస్తకాలు రాయడం మొదలుపెట్టింది 1929లో. అప్పటికే ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చి మూడు వందల ఏళ్లు దాటింది. మూలం లాటిన్. తర్కశాస్త్రంలోనూ ఉంది. 'కాకులన్నీ నల్లనివే' అన్నది నిజమైతే 'కొన్ని కాకులు నల్లనివి' అన్నదీ నిజమే కదా, ఆ రెండోది మొదటిదానికి సబాల్టర్న్.

సైన్యం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్‌కు కింద ఉండే లెఫ్టినెంట్లు, సెకండ్ లెఫ్టినెంట్లే సబాల్టర్న్‌లు. కంపెనీ సైన్యంలో యుద్ధాలు చేసి చేసి తల నెరిసిన మన సుబేదారు, నిన్నగాక మొన్న ఓడ దిగిన, మూతి మీద మీసమైనా మొలవని తెల్ల కుర్రాడికి సెల్యూట్ కొట్టాలి. ఆ కుర్రాడే సబాల్టర్న్, సుబేదారు కాదు! అలాంటి మాటను ఇవాళ అట్టడుగు జనానికి వాడుతున్నామంటే, మధ్యలో ఎంత నడిచిందో పాఠకుడికి చెప్పొద్దా? గ్రాంసీ కూడా మొదట్లో సైనిక హోదా గురించే వాడాడు. రైతులు, బానిసలు, స్త్రీల దాకా దాన్ని తీసుకెళ్లింది తర్వాతే.

ఇక 'సబాల్టర్న్ అంటే దళితులు' అని తేల్చేయడం మరీ అన్యాయం. అట్టడుగు జనం వైపు నుంచి చరిత్ర రాసిన వ్యాసాల వరుస 'సబాల్టర్న్ స్టడీస్' మొదటి సంపుటం 1982లో వచ్చింది. దాని ముందుమాటలో చరిత్రకారుడు రణజిత్ గుహ నిఘంటువులో ఉన్న అర్థాన్నే తీసుకున్నారు, తక్కువ హోదా అని. అది వర్గం వల్ల రావచ్చు, కులం వల్ల, వయసు వల్ల, ఆడపుట్టుక వల్ల, ఉద్యోగం వల్ల కూడా రావచ్చన్నారు. దళితుల గురించి రాయాలనుకుంటే దళితులనే రాయండి, ఎవరు వద్దన్నారు?

హోదాల మాటలంటే మీకు మొదటినుంచీ లెక్కలేదు. విచారణ కోర్టులను 'లోయర్ కోర్టు' అనకూడదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఇప్పటికీ 'కింది కోర్టు' అనే అచ్చేస్తున్నారు. ఆఫీసుల్లో అటెండర్ పేరు పలకకుండా 'క్లాస్ ఫోర్' అని పిలిచే అధికారులున్నారు, వాళ్లను అడిగేవాడే లేడు. కనీసం పత్రికైనా మాటను చూసి వాడాలి. ఒకప్పుడు డెస్కులో నిఘంటువు తిరగేసే పెద్దలుండేవారు, ఇప్పుడు ప్రూఫులైనా ఎవరూ చూస్తున్నట్టు లేదు.

సవరణను మూలన చిన్న అక్షరాల్లో కాదు, ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, ఆదివారమే వేయండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు
మీ పాఠకుడు